వీధిలో ఒక్క సెకను

రేడియోలో పనిచేసేవానికి సెకను విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక కార్యక్రమానికీ మరొక కార్యక్రమానికీ మధ్య ఐదు సెకన్లు నిశ్శబ్దం వస్తే వినేవారు పట్టించుకోకపోవచ్చు. స్టూడియోలో ఉన్నవానికి మాత్రం గుండె ఆగినంత పని అవుతుంది. ఇరవై ఏళ్ళుగా గోడగడియారం క్రింద కూర్చుని జీవిస్తున్న నేను ఆ సెకనునే వీధిలో ఎంత తేలికగా పారవేశానో ముందుగా చెప్పుకోవడం న్యాయం.

మూడేళ్ళ క్రిందటి మాట. ఉదయపు ప్రసారానికి ఆలస్యమైనదని స్కూటరు మీద బయలుదేరాను. మా కాలనీ మలుపులో 30 అని వ్రాసిన పలక ఒకటి ఉన్నది. రోజూ దానిని చూస్తాను. చూడడమే గాని చదివినది లేదు. బండి ముల్లు నలభై దాటి ఉన్నది. ఆగి ఉన్న ఆటో చాటునుండి పాల సంచీతో ఒక ముసలామె వీధిలోకి అడుగు పెట్టినది. బ్రేకు వేశాను. బండి జారి ఆమెకు జానెడు దూరంలో ఆగినది. ఆమె చేతిలోని సంచీ జారిపడి రెండు పాకెట్లు చితికినవి. ఆమె నన్ను తిట్టలేదు. మిగిలినవి ఏరుకుంటూ, "ఇంత తొందరేమి నాయనా, ఇంట్లో ఎవరికైనా బాగా లేదా?" అని అడిగినది. నా వద్ద జవాబు లేకపోయినది. స్టూడియో చేరేసరికి ప్రసారానికి ఇంకా నాలుగు నిమిషాల వ్యవధి ఉన్నది.

ఆ సాయంకాలం కాగితం మీద లెక్క వేసి చూచాను. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో ఎనిమిది మీటర్లకు పైగా నడుస్తుంది. ఎదుట మనిషిని చూచి, గుర్తించి, కాలు బ్రేకుపై మోపేసరికి ఎంత మెలకువగా ఉన్నవానికైనా రమారమి ఒక సెకను పడుతుంది. బ్రేకు పడిన తరువాత పొడి రోడ్డు మీద మరి ఐదు మీటర్లు. మొత్తం పదమూడు మీటర్లలో బండి ఆగుతుంది. అదే అరవై కిలోమీటర్ల వేగమైతే ఆ మొదటి సెకనులోనే పదహారు మీటర్లు దాటుతుంది. ఆగేసరికి ముప్పై ఆరు. బంతి కోసం ఒక పిల్లవాడు పదమూడు మీటర్ల దూరంలో వీధిలోకి ఉరికాడనుకోండి. ముప్పైలో వచ్చే కారు వాని ముందు ఆగుతుంది. అరవైలో వచ్చే కారు బ్రేకు పడకముందే వానిని చేరుతుంది. పైగా వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది.

ఇక వేగం వల్ల కలిసివచ్చే కాలం ఎంత? మా ఇంటినుండి కేంద్రానికి ఆరు కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా పోగలిగితే ముప్పైలో పన్నెండు నిమిషాలు, యాభైలో ఏడు. కాని ఆగకుండా పోయేదెవరు? నన్ను దాటి రివ్వున దూసుకుపోయిన మోటారు సైకిలు తరువాతి ఎర్రదీపం వద్ద నా ప్రక్కనే నిలబడి ఉంటుంది.

ఈ తగవు మోటారుబండి పుట్టిననాటిది. ఇంగ్లండులో 1865 నాటి చట్టం పట్టణాలలో యంత్రపు బండి గంటకు రెండు మైళ్ళకు మించరాదన్నది. ముందు ఎర్రజెండాతో ఒక మనిషి నడవాలన్నది. 1896 జనవరిలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన ఎనిమిది మైళ్ళ వేగంతో పోగా ఒక పోలీసు సైకిలుపై తరిమి పట్టుకున్నాడు. ఆ వేగానికి పడిన జరిమానా ఒక షిల్లింగు. ఈ కథ చెప్పుకొని నేటికీ అందరూ నవ్వుతారు. అదే ఏడు ఆగస్టులో లండను క్రిస్టల్ ప్యాలెస్ వద్ద బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే నలభై నాలుగేళ్ళ స్త్రీ కారు తగిలి మరణించినది. ఆ దేశంలో కారు క్రింద పడి చనిపోయిన మొదటి పాదచారి ఆమె అంటారు. నవంబరులో పద్నాలుగు మైళ్ళ వరకు అనుమతించే క్రొత్త చట్టం అమలులోకి వచ్చినది. నవ్వు, చావు, సడలింపు మూడూ ఒక్క ఏటిలోనే.

మనకు చట్టం లేక కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 112వ సెక్షను వేగానికి హద్దు పెట్టినది. 2019 సవరణ కారు వేగం హద్దు మీరితే వెయ్యినుండి రెండువేల రూపాయల జరిమానా విధించినది. అయినా 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. అందులో నూటికి డెబ్బై మందికి పైగా అతివేగం వల్లనే అని ప్రభుత్వ నివేదిక. కాలినడకన పోతూ చనిపోయినవారు 32,825. కెమెరా ఉన్న చోట ముల్లు దిగుతుంది. కెమెరా దాటగానే లేస్తుంది. పోలీసు కనిపించేవరకు హెల్మెట్టు అద్దానికి వ్రేలాడుతుంది. ఎదుటివాడు దీపాలు ఆర్పి వెలిగించి ముందు తనిఖీ ఉన్నదని హెచ్చరిస్తాడు. పరోపకారంలో మనవారికి సాటి లేదు!

పాదచారులు మాత్రం నియమాలు పాటిస్తున్నారా అని శ్రోతలలో కొందరు అడగవచ్చు. పాటించడం లేదు. కాని కాలిబాట మీద ఇడ్లీబండి, దాని ప్రక్క ఎవరిదో కారు ఉన్నప్పుడు వారు నడిచేదెక్కడ? నడిచేవాడు తప్పు చేస్తే తన ప్రాణం పోతుంది. నడిపేవాడు తప్పు చేస్తే తరచు ఎదుటివాని ప్రాణం పోతుంది.

పలక పాతితే పని అయినట్లు కాదని కూడా ఒప్పుకోవాలి. మైదానమంత వెడల్పుగా రోడ్డు వేసి నెమ్మదిగా పొమ్మంటే రోడ్డు మాట వింటారు గాని పలక మాట వినరు. 2023 సెప్టెంబరులో వేల్స్ దేశం ఊళ్ళలో ముప్పై మైళ్ళ హద్దును ఇరవైకి దించితే, వద్దని నాలుగు లక్షలకు పైగా జనం మహజరు మీద సంతకాలు చేశారు. వారందరినీ దుర్మార్గులనలేము. హెల్సింకీ నగరం పట్టుదలతో సగానికి పైగా వీధులలో ముప్పై కిలోమీటర్ల హద్దు పెట్టినది. వీధులను ఇరుకు చేసినది, కెమెరాలు నిలిపినది. 2024 జులైనుండి ఒక ఏడాది కాలం అక్కడ రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ మరణించలేదు. మన వీధులకు ఆ పనితనం ఎప్పుడు వస్తుందో గాని, ముల్లు దించడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

నేనిప్పుడు పది నిమిషాలు ముందుగా బయలుదేరుతున్నాను. కాలనీ మలుపునుండి ముప్పై దాటను. వెనుక హారన్లు మ్రోగుతూనే ఉంటాయి. మొన్న ఒక యువకుడు ప్రక్కకు వచ్చి, "బండి ఏమైనా చెడిపోయిందా సార్?" అని అడిగాడు. లేదు బాబూ అని చెప్పేలోగానే కనుమరుగైనాడు.