సర్వరు యంత్రముల రోగనిదానము



సర్వరు యంత్రములకుఁ గలుగు దోషములను గనిపెట్టు పద్ధతి నేఁటి నా ప్రసంగవిషయము. తర్కవ్యాకరణములు చదివి, ముప్పదియైదేండ్లు బడిలోఁ జదువు చెప్పినవానికి యంత్రములతో నేమి పని యని మీలోఁ గొందఱకుఁ దోఁపవచ్చును. పని కలదు. మన పొలముల అడంగళ్లును, వృద్ధుల పింఛనుల పట్టీలును, బ్యాంకిలోని మన నిలువలును నేఁ డిట్టి యంత్రములయందే యున్నవి. కరణముగారి దస్త్రమునకుఁ జెదపట్టినచోఁ గంటికిఁ గనఁబడెడిది. ఈ క్రొత్త దస్త్రమునకుఁ జెదపట్టినచో నెట్లు తెలియును?

సర్వరనఁగా ననేకులకు సేవ చేయుటకై రేయింబవళ్లు నడుచు కంప్యూటరు. లెక్కచేయు ప్రాసెసరు, చేయుచున్న పనిని తాత్కాలికముగా ధరించు మెమరీ, శాశ్వతముగా దాఁచు డిస్కులు, విద్యుత్తు నందించు పవర్ సప్లయి, వేఁడిని వెడలఁగొట్టు ఫ్యానులు దాని ముఖ్యాంగములు. వీని నన్నిటిని గలుపునది మదర్‌బోర్డు. యంత్రము హఠాత్తుగా నాగినదనుకొనుఁడు. అది లక్షణమేకాని రోగము కాదు. ఫ్యానునకు దుమ్ముపట్టి ప్రాసెసరు వేఁడెక్కినను ఆగును; పవర్ సప్లయి బలహీనపడినను ఆగును; మెమరీ చెడినను ఆగును. జ్వర మొక్కటియే, కారణములు పెక్కు.

మన వైద్యశాస్త్రము రోగము నెఱుఁగుటకు నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యని యైదు సాధనములను జెప్పినది. వీనిలోఁ బూర్వరూపము, అనఁగా రోగము బయటపడకమున్నే తోఁచు గుఱుతు, సర్వరుల విషయమున మిక్కిలి ముఖ్యము.

మెమరీలో నంకెలును అక్షరములును సున్న, ఒకటి యను రెండు గుఱుతులతోనే నిలిచియుండును. అట్టి గుఱుతునకు బిట్టని పేరు. ఒక్క బిట్టు తాఱుమాఱైన నేమగునో చూడుఁడు. 2003 లో బెల్జియము దేశమున షార్బేక్ అనుచోట నెన్నికలు జరుగఁగా, ఒక యభ్యర్థికి 4096 వోట్లు అధికముగా వచ్చినట్లు యంత్రము చూపెను. రావలసినదానికంటె సంఖ్య యెక్కువ యగుటచేతనే తప్పు పట్టుబడినది. 4096 అనఁగాఁ బండ్రెండు రెండులను గుణింపఁగా వచ్చు సంఖ్య. సరిగా నొక్క బిట్టు విలువ. మెమరీలో నొక బిట్టు తనంతఁ దానే మాఱియుండునని పరీక్షకులు భావించిరి. ఆగిన యంత్రముకంటె అబద్ధ మాడుచు నడుచు యంత్రమే ప్రమాదకరము.

దీనికి విరుగుడును గలదు. తప్పిన బిట్టును గనిపెట్టి దిద్దు గణితమును అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందుఁ బనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950 లోఁ బ్రకటించెను. సర్వరులలోఁ బెక్కేండ్లుగా వాడుకలో నున్న యేర్పాటున 64 బిట్లకు 8 కావలి బిట్లను జేర్చుదురు. ఒక బిట్టు తప్పినచో యంత్రమే దిద్దుకొని, చిట్టాలో వ్రాయును. రెండు తప్పినచో దిద్దలేదు గాని కనిపెట్టును. అప్పుడు సాధారణముగా నాగిపోవును. తప్పు చెప్పుటకంటె మౌనము మేలని దాని నియమము.

దిద్దఁబడిన తప్పు వాడుకొనువారికిఁ గనఁబడదు. అదియే పూర్వరూపము. గూగుల్ సంస్థ యంత్రములను బరిశీలించి 2009 లోఁ బ్రకటించిన వ్యాసమునుబట్టి, ఏఁటేఁట నూటి కెనిమిదికిఁ బైఁగా ర్యామ్ పలకలలో నిట్టి తప్పులు కలిగినవి. ఒకసారి తప్పిన పలకయే మరల మరల తప్పుచుండును.

నా పూర్వశిష్యుఁ డొకఁ డీ యంత్రములను బాగుచేయు వృత్తిలో నున్నాఁడు. అతఁడు చెప్పిన వృత్తాంతము వినుఁడు. ఒకచోట నొక సర్వరు నాలుగైదు దినముల కొకసారి యాగిపోవుచుండెను. అచ్చటివారు మీట నొక్కి మరల నడిపించుచు, ప్రోగ్రాములను దప్పుపట్టి రెండుసార్లు క్రొత్తగా నెక్కించిరి. ఫలము లేదు. మావాఁడు ముందుగా దేనిని ముట్టక చిట్టా తెఱచెను. సర్వరులలో బీఎంసీ యను చిన్న కావలి చిప్పు కలదు. ప్రధానయంత్రము నిదురించినను, విద్యుత్తు తీఁగె తగిలియున్నంతవఱకు నది మేల్కొనియే యుండును. ప్రతిసారియు యంత్ర మాగుటకు ముందు మూఁడవ స్లాటులోని పలకయందుఁ దప్పులు దిద్దఁబడినట్లు దాని చిట్టాలో వ్రాసియుండెను.

దోషము పలకదా? అది కూర్చున్న స్లాటుదా? మన తర్కములోని యన్వయవ్యతిరేకము లిచ్చట నక్కఱకు వచ్చినవి. యంత్రమును గట్టి, తీఁగె తీసివేసి, ఒడలిలోని స్థిరవిద్యుత్తు సోఁకకుండ మణికట్టునకుఁ బట్టీ కట్టుకొని, మూఁడవ స్లాటు పలకను ఏడవదానిలోను, ఏడవదాని పలకను మూఁడవదానిలోను ఉంచెను. మఱేమియు మార్చలేదు. తప్పులు పలకవెంటఁ బోయినచో దోషము పలకది. మూఁడవ స్లాటునందే నిలిచినచో మదర్‌బోర్డుదో ప్రాసెసరుదో కావలెను. రెండుచోట్లను మాయమైనచో, లోఁగడ పలక సరిగాఁ గూర్చుండలేదని యూహింపవలెను. మూఁడు దినములకు ఏడవ స్లాటు పేరు చిట్టాకెక్కెను. పలకను మార్చిరి, రోగము పోయెను. అన్నియు నొకేసారి మార్చియుండినచో యంత్రము బాగుపడెడిదే కాని కారణము తెలియకపోయెడిది.

అయినను బూర్వరూపము లేని మరణములును గలవు. లక్షకుఁ బైఁగా డిస్కులను బరిశీలించి గూగుల్ వారు 2007 లోఁ బ్రకటించినదేమనఁగా, చెడిపోయిన డిస్కులలో సగమునకుఁ బైఁగా ముఖ్యమైన హెచ్చరిక గుఱుతులలో నొక్కటియుఁ జూపలేదు. కావున నెంత మంచి నిదానజ్ఞుఁడున్నను, దస్త్రమునకు వేఱొక ప్రతి వేఱొకచోట నుండి తీరవలెను.

అయ్యలారా! మనము యంత్రములను విప్పనక్కఱలేదు. కాని కచేరీలో "సర్వరు పని చేయుటలేదు, ఆపి మరల పెట్టితిమి" అన్నప్పుడు "చిట్టా చూచితిరా? వేఱు ప్రతి యున్నదా?" యని యడుగు హక్కు మనకుఁ గలదు. మన అడంగలు నకలు నేఁటేఁట నచ్చొత్తించి పెట్టెలో దాఁచుకొనుట మన వంతు.