గర్భిణి తలనొప్పిని నమ్మండి

(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



గర్భిణికి ఫిట్స్ వస్తే మన పెద్దలు గుర్రపువాతం అంటారు. కొన్నిచోట్ల గాలి సోకిందని తాయెత్తులు కడతారు. ఇది గాలీ కాదు, ధూళీ కాదు. బి.పి. పెరిగే ఈ జబ్బు మెదడును దెబ్బతీయడం వల్లే ఫిట్స్ వస్తాయి.

ఐదు నెలలు నిండాక బి.పి. 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే జాగ్రత్తపడాలి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ళముందు మెరుపులు, రొమ్ము కింద నొప్పి ప్రమాద సూచనలు. పట్టించుకోకపోతే ఫిట్స్, మెదడులో రక్తస్రావం, పక్షవాతం, చివరికి చావు కూడా రావచ్చు.

కానీ తలనొప్పి అని చెప్పుకుంటే ఆమెకు దొరికే జవాబేమిటి? ఇంట్లో "పని తప్పించుకోడానికి" అంటారు. ఆస్పత్రిలో "కడుపుతో ఉంటే మామూలే" అంటారు. ఈ రెండు మాటలూ నేను చాలాసార్లు విన్నాను. ఆడదాని నొప్పిని నమ్మకపోవడం ఇక్కడ ప్రాణమే తీస్తుంది.

మందు లేక కాదు. మెగ్నీషియం సల్ఫేట్ చవకైన మందు. ఫిట్స్ మళ్ళీ రాకుండా ఆపడంలో అంతవరకూ వాడుతున్న మందులకన్నా ఇదే మేలని 1995లో తేలింది. ముందే ఇస్తే ఫిట్స్ ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 2002లో రుజువైంది.

కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చు. బాలింతను మర్నాడే ఇంటికి పంపేస్తే బి.పి. ఎవరు చూస్తారు?

మీ సబ్‌సెంటర్‌లో బి.పి. మిషన్ పనిచేస్తోందా? మూత్రం పరీక్షిస్తున్నారా? పెద్దాస్పత్రికి పంపేముందు ఇవ్వాల్సిన మొదటి ఇంజెక్షన్ ఉందా? వెళ్ళి అడగండి. మనం అడిగేది దయ కాదు, హక్కు.