విమానచోదక పరీక్షకు పుస్తకముల యెన్నిక



కలకడ గ్రామమున ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అట్టి నాకు విమానములతో నేమి పని యని మీరడుగవచ్చును. విమానము నెక్కినవాడనే కాని నడపినవాడను గాను. అయినను పుస్తకము మంచిదో చెడ్డదో చూచి చెప్పుట నా జన్మమెల్ల చేసిన పని. ఆ పనికే యొక పెద్దమనుష్యుడు నా యింటికి వచ్చినాడు.

మా వీథిలోని రైతు పెద్ద యొకనాటి సాయంకాలము మా యరుగుమీద కూర్చుండి, “అయ్యవారూ, మా మనవడు విమానము నడుపుట నేర్తునని పట్టుబట్టినాడు. పదుల లక్షలు కావలెనట. టమాటా పండు మూడెకరములును తాకట్టు పెట్టవలసి వచ్చును. ఏమి చేయుదును?” అని యడిగెను. “తొందరపడకుడు. పిల్లవానిని పుస్తకములతో నా యొద్దకు పంపుడు” అంటిని.

ఇచ్చట మీకొక సంగతి మనవి చేయవలెను. మన దేశమున జీతమునకు విమానము నడుపువానికి వాణిజ్య చోదక లైసెన్సు ఉండవలెను. దానికై 200 గంటలు ఆకాశమున విమానము నడుపుట యొక భాగము; నేలమీద కూర్చుండి వ్రాయవలసిన పరీక్షలు మరియొక భాగము. డి.జి.సి.ఏ. అని పిలువబడు పౌర విమానయాన శాఖవారు వీనిని జరుపుదురు. దారి కనుగొను నావిగేషన్, వాతావరణ శాస్త్రము, విమాన చట్టములు, యంత్రముల పరిజ్ఞానము, ఇవి ముఖ్యములు. ప్రతి విషయమునందును నూటికి 70 మార్కులు రావలెను. ధనమంతయు మొదటి భాగమునకే పోవును. పుస్తకముల వెల దానిముందు లెక్కలోనిది కాదు. కాని పరీక్షలు తేలనిచో లైసెన్సు లేదు, పెట్టిన ధనమునకు ఫలము లేదు.

మరునాడు పిల్లవాడు సంచి తెచ్చెను. పట్టణమున నొక శిక్షణాలయమువారు కట్టగా అమ్మిన పుస్తకములవి. మూడింటిని విడివిడిగా చూచితిని.

మొదటిది ప్రశ్నలు, జవాబులు మాత్రమే గల లావుపాటి ప్రతి. అందొక ప్రశ్న: 120 మైళ్లు పోయిన విమానము దారికి 8 మైళ్లు ప్రక్కకు తొలగినది, ఎన్ని డిగ్రీలు తప్పినది? “నాలుగు, అయ్యవారూ” అని పిల్లవాడు తడువుకొనక చెప్పెను. నేను అంకెలు మార్చి, 90 మైళ్లకు 9 మైళ్లు తొలగిన నెంత యంటిని. వాడు నోరు మెదపలేదు. 60 మైళ్లకు ఒక మైలు తొలగిన దాదాపు ఒక డిగ్రీ తప్పినట్లని మూలసూత్రము. పావులూరి మల్లన గణితమును తెనిగించిన నాటినుండి మనవారెరిగిన త్రైరాశికమే యిది. ఆరు డిగ్రీలని వేళ్లమీద చెప్పవచ్చును. సూత్రము నెరుగక జవాబు నెరిగినవాడు పరీక్షాశాలలో నెట్లో గట్టెక్కవచ్చును. మబ్బుల నడుమ గాలి అంకెలను మార్చినప్పుడు వానిని, వానిని నమ్మి వెనుక కూర్చున్నవారిని ఎవరు కాతురు?

రెండవది చట్టముల పుస్తకము. అందు 1934 నాటి విమాన చట్టమే నడచుచున్నట్లు వ్రాసియున్నది. ఆ చట్టమునకు మారుగా 2024వ సంవత్సరపు భారతీయ వాయుయాన అధినియమము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. రేడియోలో మాటలాడుటకు కావలసిన లైసెన్సు పరీక్ష లోగడ టెలికాం శాఖవారి చేతిలో నుండెడిది. క్రొత్త చట్టము దానిని విమానయాన శాఖకు అప్పగించినది. ఈ మాట ఆ పుస్తకమున నెట్లుండును? నిరుటి పంచాంగము చూచి యీ యేటి పెండ్లికి ముహూర్తము పెట్టుదుమా? కావున చట్టముల పుస్తకము కొనునప్పుడు ముందుగా ముద్రణ సంవత్సరము చూడవలెను. పిదప వచ్చిన సవరణలను శాఖవారి వెబ్‌సైటులో సరిచూచుకొనవలెను.

మూడవది ఐరోపావారి వాతావరణ గ్రంథము. అది దోషము లేనిది. గాలి యొత్తిడి, మేఘముల పుట్టుక చక్కగా విడమరచినది. కాని మన నైరృతి ఋతుపవనము, ఉత్తరాది శీతకాలపు పొగమంచు, కార్తీకమున బంగాళాఖాతములో లేచి మన చిత్తూరు సీమను తడుపు వాయుగుండములు, వీనికి అందు చోటు తక్కువ. మన పరీక్షలో వీనిని తప్పక యడుగుదురు. అందుచే దానిని మూలసూత్రములకై యుంచుకొని, ఐ.సి. జోషిగారి విమాన వాతావరణ గ్రంథమును తోడు చేసికొమ్మంటిని. చట్టములకు వింగ్ కమాండర్ ఆర్.కె. బాలిగారి పుస్తకము, అదియు తాజా ముద్రణ, తెప్పించుకొమ్మంటిని.

మేము గురువులయొద్ద మూలము, పిదప వ్యాఖ్యానము, తుదకు వాదము అను క్రమమున చదివితిమి. ఈ విద్యకును ఆ క్రమమే తగును. మొదట శాఖవారి పాఠ్యప్రణాళిక చేత బట్టవలెను. అందు లేనిది కొనరాదు, ఉన్నది విడువరాదు. విషయమున కొక్కటి చొప్పున మంచి గ్రంథమును పలుమారులు చదువవలెను. ప్రశ్నల కట్టను నేను పారవేయుమనలేదు, అది యొరగల్లు. బంగారము సంపాదించిన పిదప గదా ఒరగల్లుతో పని!

పెద్దలారా, మీ యింట నిట్టి కోరిక పుట్టినచో రెండు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. పుస్తకముకన్న ముందు శాఖవారు గుర్తించిన వైద్యునిచే దేహపరీక్ష చేయింపుడు. చూపు, వినికిడి, రంగులను గుర్తించు శక్తి అందు చూతురు. రెండవది, వ్రాతపరీక్షలకు ఇంటిపట్టున చదువవచ్చును. అవి ముగిసిన పిదపనే పొలము మాట తలపెట్టుడు.

మా పిల్లవాడు దేహపరీక్షలో నెగ్గెను. చట్టములు, వాతావరణము తేలినవి. నావిగేషన్‌లో మొదటిసారి 64 వచ్చి తప్పెను. తాత దిగులుపడి వచ్చినప్పుడు, “ఈ తప్పుట మూడెకరములకన్న చౌక” అంటిని. ఇప్పుడు వాడు ప్రతి సాయంకాలము మా యరుగుమీద గాలి త్రికోణములు గీయుచున్నాడు. అంకెలు నేను మార్చుచున్నాను. జవాబులు వాడు కట్టుచున్నాడు. పొలము ఇంకను తాతగారి పేరనే యున్నది.

సెలవు.