ముందు చోటు లేని వరుసలు



పోదనూరుకు రైలు మార్గం 1862లో వచ్చింది. 1873లో ఇక్కడినుండి కోయంబత్తూరు మీదుగా మేట్టుపాళయానికి మరొక మార్గం సాగి, ఊరు కూడలి అయినది. కూడలి నేర్పే పాఠమొకటి ఉన్నది: ముందు స్టేషనులో ఖాళీ లేనిచో, ఇక్కడ పని ముగిసిన బండి సైతం కదలదు, వెనుక వచ్చేవీ ఆగవలసిందే.

ఇట్టి వరుసల అల్లికకు 1957లో జాక్సన్ ఒక సులభ సూత్రం చూపారు. అయితే అందులో నిలుచు చోటుకు హద్దు లేదు. హద్దు ఏర్పడగానే ఆ సూత్రం సాధారణంగా చెల్లదు. పది స్టేషన్లలో ఒక్కొక్కచోట సున్న నుండి తొమ్మిది వరకు బండ్లుండవచ్చుననుకొంటే, పరిశీలించవలసిన స్థితులు 1,000 కోట్లు!

అందుచేత గణితజ్ఞులు అల్లికను విడదీస్తారు. ప్రతి స్టేషనును విడిగా లెక్కించి, ముందుది నిండి ఉండే సంభావ్యతను బట్టి వెనుకదాని ఆలస్యాన్ని సవరించి, అంకెలు నిలకడ చెందేవరకు మరల మరల లెక్కిస్తారు. అప్పుడు ఒక్కొక్క విడతకు నూరు స్థితులు చాలును.

ఉజ్జాయింపు అంటే అజాగ్రత్త కాదు. చిన్న అల్లికలో కచ్చితమైన ఫలితంతో పోల్చి, తేడా ఎంతో తెలిసికొన్న పిమ్మటనే దానిని పెద్దవాటికి వాడాలి. ఆ శ్రమకు ప్రయోజనమున్నది. బండ్లు ఆగినచోటనే లోపమున్నదని తలచి అక్కడే కొత్త పట్టాలు వేస్తే ధనం వ్యర్థం కావచ్చును; కొరత ముందున్న స్టేషనులో ఉండవచ్చును. ఆ చోటును ముందుగా చూపేది ఈ ఉజ్జాయింపే.