ప్రజాప్రతినిధి ఓటును చదవడం ఎలా?

విద్యార్థులారా! మీ కళాశాల చర్చాపోటీలో ఒకరు లేచి, “ఫలానా ఎంపీ ప్రత్యామ్నాయ ఇంధనానికి వ్యతిరేకంగా ఓటు వేశారు” అన్నారనుకోండి. ఎదుటి పక్షం వెంటనే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ రోజు సభ ముందున్న తీర్మానం ఏమిటి?

2008 జూలై 22ను తీసుకుందాం. భారత-అమెరికా అణు ఒప్పందంపై వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకోగా, మన్మోహన్ సింగ్ ప్రభుత్వం లోక్‌సభలో 275-256 ఓట్లతో నెగ్గింది. దేశమంతా దాన్ని ఒప్పందంపై ఓటు అనే చెప్పుకుంది. కాని సభ ఓటు వేసింది ఒప్పందం మీద కాదు, మంత్రిమండలిపై విశ్వాసం మీద. “వద్దు” అన్న వామపక్షాల ప్రధాన అభ్యంతరం కరెంటు గురించి కాదు, విదేశాంగ విధానం గురించి. తెలుగుదేశం పార్టీ వ్యతిరేకంగా ఓటు వేయమని విప్ జారీ చేసింది. నాగర్‌కర్నూలు సభ్యుడు మందా జగన్నాథం, చిత్తూరు సభ్యుడు ఆదికేశవులు నాయుడు దాన్ని కాదని ప్రభుత్వానికి ఓటు వేశారు. ఆ ఓటు అణువిద్యుత్తుకా, ప్రభుత్వానికా? ఓటు ఒక్కటే చూసి ఎవరూ తేల్చలేరు. పైగా 1985 నాటి పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి మిగతావారి ఓట్లు కూడా సొంత అభిప్రాయాలని అనుకోవడం తొందరపాటే.

సూరత్‌లోని వడోద్‌లో చదువుకునే తెలుగు పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. పక్కనున్న తాపీ జిల్లాలోని కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రంలో 1, 2 యూనిట్లు ఈ ఒప్పందం వల్లనే అంతర్జాతీయ తనిఖీ కిందికి వచ్చాయి. వాటికి విదేశీ యురేనియం వాడే వీలు కలిగింది. అయితే అణువిద్యుత్తును ప్రత్యామ్నాయ ఇంధనమనవచ్చునా? బొగ్గు పొగ ఉండదు, నిజమే. యురేనియం గాలిలా, ఎండలా తరగనిది మాత్రం కాదు. ఈ నిర్వచనం ముందే తేల్చుకోకపోతే రెండు పక్షాలూ రెండు వేర్వేరు విషయాలు మాట్లాడుకుంటాయి.

ఇంకొక చిక్కు. పరిశ్రమలు శిలాజేతర ఇంధనాన్ని కొంత మేర వాడాలని నిర్దేశించే అధికారం ప్రభుత్వానికిచ్చిన ఇంధన పొదుపు సవరణ బిల్లును లోక్‌సభ 2022 ఆగస్టు 8న మూజువాణి ఓటుతో ఆమోదించింది. అంటే “అవును”, “కాదు” అనే కేకలే గాని పేర్లు నమోదు కావు. సభ్యులెవరైనా పట్టుబట్టి డివిజన్ కోరితేనే ఎవరు ఎటు అన్నది కాగితం మీదికి వస్తుంది. అటువంటి బిల్లులపై మీ ఎంపీ ఏమన్నారో తెలియాలంటే ఆయన ప్రసంగాలు, అడిగిన ప్రశ్నలు, ప్రతిపాదించిన సవరణలు చదవాలి. అవన్నీ లోక్‌సభ చర్చల సంపుటాల్లో ఉంటాయి. ముందుగా 2008 జూలై 21, 22 తేదీల చర్చ తెచ్చుకొని, అందులో కరెంటు గురించి ఎందరు మాట్లాడారో లెక్కపెట్టండి.