మిగిలిన తుప్పు పెయింటును ఏం చేద్దాం?
(సేవా దినం నాడు వాలంటీర్లతో మాట్లాడిన మాటలు)

కార్‌పార్క్ గేటుకు రంగు వేసినవాళ్ళకీ, మధ్యలో టీలు అందించిన ఆంటీలకీ ముందుగా కృతజ్ఞతలు. ఇప్పుడు చెప్పేది గేటు సంగతి కాదు, మిగిలిపోయిన అర డబ్బా సంగతి.

పోయినసారి మిగిలినదానికి మేము మూత నొక్కేసి, అలాగే షెడ్డులో పెట్టాం. కొన్నాళ్ళకి గేటు కడ్డీ మీద గీత పడింది. టచప్ చేద్దామని డబ్బా తెరిస్తే పైన తోలులాంటి పొర, కింద జిగురు. కొత్తది కొనేసరికి వానలు మొదలయ్యాయి, ఆ గీత కాస్తా అరచేయంత తుప్పయింది. పక్కనే పహురెహురె ఇన్‌లెట్, ఉప్పు గాలి, ఏడాదంతా తేమ. పాపకూరలో ఇనుముకి సెలవుల్లేవు!

తప్పు మాదే. ఆయిల్ పెయింటు ఆరడమంటే అందులోని టర్ప్స్ ఎగిరిపోవడం ఒక్కటే కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం కూడా. సగం డబ్బా పెయింటు ఉందంటే మిగతా సగం గాలే. మూత వేసినా లోపల ఆరే పని సాగుతూనే ఉంటుంది. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలియడానికి ఒక డబ్బా ఖర్చయింది.

ఆవకాయ పెట్టేవాళ్ళకి మాత్రం ఇది ఎప్పుడో తెలుసు. జాడీ అంచు తుడుస్తారు, పైన నూనె తేలేలా చూస్తారు. ఇక్కడా అంతే. ఈసారి మిగిలినదాన్ని పలచటి నైలాన్ గుడ్డతో వడకట్టి, హార్డ్‌వేర్ షాపులో దొరికే చిన్న ఖాళీ పెయింటు డబ్బాలో దాదాపు నిండుగా పోశాం. అంచు గాడిలో పెయింటు ఎండితే మూత సరిగా కూర్చోదు, అందుకే శుభ్రంగా తుడిచాం. పైన పలచగా మినరల్ టర్ప్స్ పోసి, కలపకుండా మూత పెట్టి, మీద చెక్క ముక్క ఉంచి సుత్తితో తట్టాం. మళ్ళీ వాడేటప్పుడు ఆ టర్ప్స్‌ని కలిపేస్తే చాలు. ట్రేలో మిగిలినది మాత్రం తిరిగి డబ్బాలో పోయలేదు. దాంట్లో తుప్పు రజను ఉంటుంది.

ఈ టర్ప్స్ చిట్కా ఆయిల్ పెయింటుకే. తేమతో గట్టిపడే రకాలు వేరు: వాటికి మూత కింద ప్లాస్టిక్ షీటు వేయకపోతే మూత అతుక్కుపోతుంది, వాన రోజు అసలు తెరవకూడదు. హార్డ్‌నర్ కలిపిన టూ-ప్యాక్ ఎపాక్సీని దాచలేం, ఆ పూటకే వాడేయాలి.

గరాజ్‌లో దొరికిన పాత రెడ్ లెడ్ ఇస్తామని ఎవరూ తేకండి. పాతకాలపు సిందూరం కూడా చాలాచోట్ల అదే, సీసం. పిల్లలు తిరిగే చోట వద్దు. జ్యూస్ సీసాల్లో, పచ్చడి డబ్బాల్లో పెయింటు పోయడం కూడా వద్దు.

పాడైనదాన్ని రోడ్డు పక్క డ్రెయిన్‌లో పోయకండి, అది వాగుల్లోకీ హార్బర్‌లోకీ పోతుంది. రెసీన్ వాళ్ళ పెయింట్‌వైజ్ కింద పాత పెయింటు తీసుకుంటారు. వేరే బ్రాండ్ అయితే కొంచెం రుసుము ఉంటుంది. ఆయిల్ పెయింటు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

డబ్బా ఇప్పుడు షెడ్డులో, నేలకి ఎత్తుగా రెండో అరలో ఉంది. దీపాల సామాను, గ్యాస్ సిలిండర్లు దాని దగ్గర పెట్టకండి. మూత మీద తేదీ, "గేటు" అని రాశాం. గేటు మీద గీత కనిపిస్తే ఆ వారమే చెప్పండి.