నిండు గీత, తెగిన గీత



కడప నుంచి రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు దగ్గర పాలకోవా కోసం ఆగనివాళ్లు తక్కువ. ఈసారి ఆగినప్పుడు కోవా తిని, కొండవైపు కూడా చూడండి. అడుగున ఉన్నది గ్రానైటు. దానిమీద పరుచుకున్నది ఇసుక గట్టిపడి రాయైన క్వార్ట్జైటు. ఆ రెంటి నడుమ కోట్ల ఏళ్ల ఎడం ఉంది. ఆ క్వార్ట్జైటుకు పుస్తకాల్లో ఉన్న పేరు గుల్చేరు. అది మన గువ్వలచెరువే. దాని పైన వేంపల్లె డోలమైటు, ఆపైన పులివెందుల, తాడిపత్రి రాళ్లు.

ఈ కడప, కర్నూలు రాళ్లను వరుసలో పెట్టిన విలియం కింగ్ గ్రంథాన్ని జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1872లో ప్రచురించింది. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల అంటూ ఆయన చేసిన విభజన కొద్ది మార్పులతో నేటికీ నడుస్తోంది. ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిందీ ఆయనే. సింగరేణిలో ఒక బొగ్గు పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అంటారు.

ఇలాంటి రాళ్లను చూపే భూగర్భ పటంలో నాకు నచ్చేవి రంగులు కావు, గీతలు. రెండు రాళ్లు కలిసే చోటును కళ్లారా చూస్తే నిండు గీత గీస్తారు. సరిహద్దు ఇటుగా పోయి ఉంటుందని అంచనా వేస్తే తెగిన గీత. చేల మట్టి కింద కప్పబడిపోతే చుక్కల గీత. చూసిందేదో, అనుకున్నదేదో ఒకే కాగితం మీద విడదీసి చెప్పడమన్నమాట. మన ఆఫీసుల్లో ఇంత నిజాయతీ ఉన్న కాగితం నాకు మరొకటి కనబడలేదు. నవ్వకండి, సర్వే నంబర్ల తగాదాలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి!

ఇక నేల ఎత్తుపల్లాలు, వాగులు చూపే టోపోషీటులోనూ గీతలు చదవాలి: ఏడాది పొడవునా నీళ్లుండే వాగు నీలం, ఎండిపోయే వాగు నలుపు. ఆ నల్లగీతను వాగుగా లెక్కే చేయక మనం ప్లాట్లు వేస్తున్నాం. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనబడే చెయ్యేరు నది, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ల మీద పడింది. అంగుళానికి మైలు చొప్పున గీసిన పాత షీటునూ, ఇప్పటి 1:50,000 షీటునూ పక్కపక్కన పెడితే ఏ చెరువు కుదించుకుపోయిందో, ఏ వంక మాయమైందో తెలుస్తుంది. స్కేళ్లు వేరు కాబట్టి ముందు వాటిని సరిచూసుకోవాలి. సర్వే చేసిన ఏడు, అచ్చువేసిన ఏడు ఒకటి కావు; షీటు అంచున ఉన్న అక్షరాలు చదవనిదే పోలికలు మొదలుపెట్టొద్దు.

ఈ రోజు పట్టాలు పుచ్చుకుంటున్న మీలో కొందరు గనులకు, కొందరు నీటిపారుదలకు, చాలామంది సాఫ్ట్‌వేర్‌కు వెళ్తారు. ఎక్కడో ఒకచోట పై అధికారి తెగిన గీతను నిండు గీత చేసి రిపోర్టు ఇమ్మంటారు. మీ మాట నమ్మి అప్పు చేసి బోరు వేయించే రైతును తలుచుకుని, కుదరదని చెప్పండి. ఇంకొక పని. ఓపెన్ సిరీస్ టోపోషీట్లను సర్వే ఆఫ్ ఇండియా ఉచితంగానే ఇస్తోంది. ఈ వానాకాలం రాకముందే మీ ఊరి షీటు తీసుకుని, నల్లగీతల వెంట నడవండి. ఇప్పుడు ఆ దారిలో ఏమేం కట్టారో రాసి, మీ పంచాయతీలో ఇవ్వండి.